ఓడ ఖాళీ అయిన పూట

శుక్రవారం, ఆరో రోజు

మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి క్యాబిన్ తలుపు పక్కనుండే చిన్న అరలో ఒక ఉత్తరం కనిపించింది. ఎదురు క్యాబిన్ వాళ్ల అరలో ఉత్తరంతో పాటు ఊదారంగు లగేజీ ట్యాగులు కూడా ఉన్నాయి. మాకు ట్యాగులు లేవు. మమ్మల్ని మర్చిపోయారేమో అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆదివారం దిగిపోయేది వాళ్లు, మేం కాదు.

మాది రెండు వారాల ప్రయాణం. టికెట్ల లెక్కలో మాత్రం అది ఒకటి కాదు, రెండు. పోయిన ఆదివారం ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఎక్కాం. ఏడు రాత్రులు తూర్పు కరీబియన్ తిరిగి ఈ ఆదివారం పొద్దున్నే మళ్లీ అదే రేవుకి చేరతాం. ఆ సాయంత్రమే అదే ఓడ ఇంకో ఏడు రాత్రుల కోసం పడమటి కరీబియన్‌కి బయల్దేరుతుంది. రెండూ కొన్నాం. ఇలా వరసగా తీసుకునేవాళ్లని బ్యాక్ టు బ్యాక్ వాళ్లంటారు. మధ్యలో ఓడ మనుషుల్ని దింపి మనుషుల్ని ఎక్కించుకునే రోజు టర్న్ అరౌండ్ డే.

రెండు వారాలు అన్నది నా ఆలోచనే. చలికాలంలో ఈ సముద్రానికి మించింది లేదు. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా సాగే హరికేన్ల కాలం ముగిసిపోతుంది, వేసవంతా అలాస్కాలోనూ యూరప్‌లోనూ తిరిగిన ఓడలు ఇటు దిగివస్తాయి. ఒకసారి విమానం ఎక్కి ఇంత దూరం వచ్చాక ఒక్క వారానికే తిరిగి వెళ్లడం నాకు నచ్చలేదు. మావారికి ఒక వారమే ఎక్కువ అనిపించింది.

ఆయన సంగతి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఒక యంత్రాల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూశారు. రిటైరై రెండేళ్లయింది. ఈ వారమంతా ఆయన్ని దీవుల్లో తిప్పడం నాకు పెద్ద పరీక్షే. మంగళవారం గ్రాండ్ టర్క్ దీవిలో 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగొచ్చిన వ్యోమనౌకకి నమూనా ఒకటి పెట్టారు, అది ఒక పావుగంట చూశారు. బుధవారం ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో 1539లో కట్టడం మొదలుపెట్టిన ఎల్ మోరో కోట ఎక్కి, సముద్రం వైపు ఒకసారి చూసి, "ఇంతటి రాయి పైకి ఎలా మోశారో" అన్నారు. గురువారం సెయింట్ థామస్‌లో ఆ మాత్రం కూడా లేదు. డెన్మార్క్ నుంచి అమెరికా 1917లో రెండున్నర కోట్ల డాలర్లిచ్చి కొన్న దీవుల్లో అదొకటి. నేను కొండ మీదికి వెళ్లొస్తే, ఆయన రేవులో బెంచీ మీద కూర్చుని మన ఓడని కట్టిన తాళ్లు లెక్కపెడుతున్నారు. "ముందు వైపు ఆరు, వెనక ఆరు" అన్నారు నన్ను చూడగానే.

ఉత్తరం చదివాను. ఆదివారం ఉదయం 9:15కి మూడో డెక్ లాంజ్‌లో కలవాలి. పాస్‌పోర్టు, క్యాబిన్ కార్డు తెచ్చుకోవాలి. మాకు ఇన్ ట్రాన్సిట్ అని రాసిన కార్డు ఇస్తారు. అందరితో పాటు ఓడ దిగి, ఇమిగ్రేషన్ ముగించుకుని, పిలిచేదాకా టెర్మినల్‌లో కూర్చోవాలి. పండ్లూ పూలూ మాంసం ఏవీ ఒడ్డుకి తీసుకెళ్లకూడదు. మొదటి వారం ఖర్చుల లెక్క శనివారం రాత్రితో మూసేస్తారు. కొన్న ఇంటర్నెట్ ప్యాకేజీ కూడా దాంతో సరి.

"మనం ఎక్కడికీ పోవడం లేదుగా. మళ్లీ దిగడం ఎందుకు?" అన్నాను. క్యాబిన్ కూడా మారటం లేదు మాకు.

మావారు కింద రిసెప్షన్‌కి వెళ్లి అడిగొచ్చారు. వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది, వారం మొత్తంలో మొదటిసారి. ఓడ వేరే దేశాల రేవులు తాకి వస్తోంది కాబట్టి అందులోని ప్రతి మనిషినీ అధికారులు చూడాలట. పాత ప్రయాణంలో ఉన్నవాళ్లంతా దిగి, కంప్యూటర్‌లో ప్రయాణికుల సంఖ్య సున్నా అని చూపించేదాకా కొత్తవాళ్లని ఒక్కరిని కూడా ఎక్కించరట. రెండు వారాలు ఉండేవాళ్లయినా సరే, ఒకసారి లెక్కలోంచి తీసేసి మళ్లీ రాసుకోవలసిందే.

"స్టాక్ టేకింగే ఇది," అన్నారు. "స్టోర్స్ మూసి, మొత్తం లెక్కపెట్టి, మళ్లీ తెరవడం. ఏడాదికోసారి చేయడానికి మాకు ప్రాణం పోయేది. వీళ్లు వారం వారం చేస్తున్నారు!"

రాత్రి గడియారాలు గంట వెనక్కి తిప్పుకోమన్నారు. సాన్ హువాన్, సెయింట్ థామస్‌లలో ఇప్పుడు ఫ్లోరిడా కన్నా గంట ముందుంటుంది. పోయిన గంట తిరిగొచ్చింది. హాయిగా నిద్రపోయాను.

శనివారం, ఏడో రోజు

బహమాస్‌లో ఓడల కంపెనీ తన ప్రయాణికుల కోసమే నడుపుకునే చిన్న దీవి. రేవు లేదు. ఓడని దూరంగా నిలిపి చిన్న పడవల్లో చేరవేశారు. తెల్లటి ఇసుక, మోకాలి లోతు దాకా అడుగు కనిపించే నీళ్లు. ఇలాంటి చోట్ల గురించి రాయడానికి ఏమీ ఉండదు, ఉండటమే బాగుంటుంది.

ఒక్క విషయం మాత్రం చెప్పదగ్గది. అమెరికాలో 1886 నుంచి ఒక చట్టం ఉంది. విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని చేరవేయకూడదు. ఎక్కిన రేవులోనే దింపినా మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తాకాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. ఏ యాత్ర చూసినా బహమాసో, మెక్సికోవో, ఏదో ఒకటి తప్పకుండా ఉండటానికి అదొక కారణం. ఇసుకలో కూర్చుని మావారికి ఇది చెబితే, "అయితే ఈ బీచ్ కూడా ఒక రకంగా వోచరే" అన్నారు.

సాయంత్రం నుంచి ఓడ గాలి మారిపోయింది. భోజనాల దగ్గర మా బల్ల మీద ఉండే మిగతా నలుగురూ రేపు దిగిపోతున్నారు. ఆరు రాత్రులు పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఒకరి మోకాలి ఆపరేషన్, ఇంకొకరి మనవరాలి పెళ్లి, అన్నీ మాకు తెలుసు. ఫోన్ నంబర్లు రాసుకున్నాం. ఫోన్ చేసుకోమని అందరికీ తెలుసు, అయినా రాసుకున్నాం. ఓడ స్నేహాలకి అదొక మర్యాద.

రాత్రి పదింటికి కారిడార్ చూడాలి. ప్రతి తలుపు ముందూ ట్యాగు కట్టిన పెట్టెలు. ఊదా, నారింజ, ఆకుపచ్చ. వాటిని రాత్రికి రాత్రే కిందికి చేరవేసి, రేపు టెర్మినల్‌లో రంగుల వారీగా వరసల్లో పెడతారు. మా తలుపు ముందు మాత్రం ఖాళీ. అంత ఖాళీగా ఉంటే కొంచెం సిగ్గనిపించింది, పండక్కి ఊరంతా ముగ్గులేస్తే మన వాకిలి ఒక్కటీ వట్టిగా ఉన్నట్టు.

తెల్లవారి తలుపు కింద మొదటి వారం బిల్లు ఉంటుందని తెలుసు. దాని గురించి ఆలోచించకుండా పడుకున్నాను.

ఆదివారం, ఎనిమిదో రోజు

ఐదున్నరకి మెలకువ వచ్చేసరికి పక్క మంచం ఖాళీ. బాల్కనీ తలుపు తీసి ఉంది. చలిగాలి. ఫ్లోరిడాకి కూడా చలి వస్తుంది, ఉత్తరం నుంచి గాలి దిగిన రోజుల్లో. మావారు స్వెట్టర్ వేసుకుని, బైనాక్యులర్ పట్టుకుని చీకట్లోకి చూస్తున్నారు. పక్షుల్ని చూద్దామని నేను కొన్న బైనాక్యులర్ అది. వారమంతా ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ఫోర్ట్ లాడర్‌డేల్‌లోని పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ రేవు దీపాలు దగ్గరవుతున్నాయి. మా ముందు ఒక ఓడ, వెనక ఇంకో రెండు, అన్నీ ఇదే ఇరుకు కాలువలోకి వరసగా వస్తున్నాయి. చలికాలం వారాంతాల్లో ఇక్కడ ఇదే తంతు. తెల్లారేసరికి అన్నీ రేవు గోడలకి కట్టేసి ఉంటాయి, సాయంత్రానికి అన్నీ వెళ్లిపోతాయి. దక్షిణ ఫ్లోరిడాకి పెట్రోలు దిగేది కూడా ఈ రేవులోనే. పక్కనే పవర్ ప్లాంట్. చలికాలంలో అది వదిలే వెచ్చటి నీళ్లకి మానటీలు వచ్చి చేరతాయి. సముద్రపు ఆవులని పిలుస్తారు వాటిని. నీళ్లు ఇరవై డిగ్రీల కంటే చల్లబడితే తట్టుకోలేవు పాపం. ఇంత పెద్ద బరువైన జంతువుకి అంత సున్నితం ఏమిటో.

ఏడింటికల్లా దిగడం మొదలైంది. స్పీకర్లో రంగులు పిలుస్తున్నారు. టిఫిన్ దగ్గర ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. నిన్నటిదాకా పొట్టి ప్యాంట్లలో తిరిగినవాళ్లు బూట్లు, కోట్లు వేసుకుని చేతిసంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నాకు మాత్రం ఆకలి బాగా వేసింది. ఇంకో వారం ఉందన్న ధైర్యం అది.

మా గది చూసుకునే స్టీవార్డ్‌ని కారిడార్‌లో చూశాను. బాలి దీవి అబ్బాయి, ముప్పై దాటి ఉండవు. వారమంతా నవ్వుతూ తువ్వాలుతో ఏనుగునీ కోతినీ చేసి మంచం మీద పెట్టినవాడు, ఈ రోజు పరుగులో ఉన్నాడు. పద్దెనిమిది క్యాబిన్లు అతనివి. ఎనిమిదిన్నరకల్లా ప్రయాణికులు గదులు వదిలేయాలి, మధ్యాహ్నం ఒంటిగంటకి కొత్తవాళ్లు తలుపు తీస్తారు. ఈ మధ్యలో పద్దెనిమిది గదుల పక్కబట్టలు తీసి, స్నానాల గదులు మందు కొట్టి తుడిచి, కొత్తవి పరవాలి. "మా గదికి ఈ రోజు రావద్దు, తువ్వాళ్లు మాత్రం ఇవ్వు చాలు" అన్నాను. నమ్మలేనట్టు చూశాడు. "మేడమ్, ఇరవై నిమిషాలు!" అన్నాడు. నాకు అర్థమవడానికి కొంచెం పట్టింది. మేం అతనికి ఇరవై నిమిషాలు ఇచ్చామన్న మాట. రేవులో ఓడల పనివాళ్ల కోసం సీఫేరర్స్ హౌస్ అని ఒకటి ఉంది. అక్కడికి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చట.

9:15కి లాంజ్. డెబ్బై ఒక్క మందిమి. అందరూ ఆరితేరినవాళ్లు, ఒకావిడకి ఇది వరసగా ఐదో వారం. కార్డులు పంచారు. లెక్కపెట్టారు. డెబ్బై. మళ్లీ లెక్కపెట్టారు. డెబ్బై. నేను కూడా పక్కవాళ్లతో పాటు తల తిప్పి, ఎవరా బాధ్యత లేని మనిషి అని చూస్తున్నాను. అప్పుడు పిలిచారు క్యాబిన్ నంబరు. మాదే.

మావారు నా వెనకే వస్తున్నారని అనుకున్నాను. లేరు. వాకీటాకీలో మాటలు. డెబ్బై మంది గడియారాలు చూసుకుంటున్నారు. సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది అంటారే, ఓడ మీద ఆ వీలు కూడా లేదు. పన్నెండు నిమిషాల తర్వాత మూడో డెక్ బయటి వరండా తలుపు తీసుకుని వచ్చారు, చేతిలో బైనాక్యులర్, జేబులో చిన్న నోటుపుస్తకం. "ఏమండీ!" అన్నాను. ఆయన నా మొహం చూడలేదు. "పాలకూర వెనక్కి పంపించేశాడు!" అన్నారు.

అదేమిటో అప్పుడు అడిగే ఓపిక నాకు లేదు.

ఓడనీ ఒడ్డునీ కలిపే గ్యాంగ్‌వే దిగుతుంటే కార్డు పెట్టిన ప్రతిసారీ మిషన్ టింగుమంటోంది. టెర్మినల్లో కెమెరా ముందు నిలబెట్టి మొహం ఫోటో తీశారు, అధికారి పాస్‌పోర్టు తిరగేసి, "మళ్లీ వెళ్తున్నారా?" అని నవ్వాడు. అంతే. తర్వాత ఓ మూల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. అద్దాల అవతల ఊదా ట్యాగుల పెట్టెలు వందలకొద్దీ, వాటి మధ్య తమ పెట్టె వెతుక్కుంటున్న మన నిన్నటి ఇరుగుపొరుగు. మా బల్ల మీది ఆవిడ కనిపించింది. చెయ్యి ఊపాను. చూడలేదు.

ఒక ప్రయాణికుడు ఇంకా లోపలే ఉన్నాడట. పేరు రెండుసార్లు పిలిచారని అక్కడి ఉద్యోగిని చెప్పింది. ఇప్పుడు అసహనం నా వంతు. మావారు మాత్రం ప్రశాంతంగా, "ఒక్క ఐటం తేడా వస్తే రాత్రంతా కూర్చునేవాళ్లం" అన్నారు. పది నలభై ఒకటికి వాకీటాకీలో ఒక్క మాట వినిపించింది. జీరో. డెబ్బై ఒక్క మందీ చప్పట్లు కొట్టారు. ఎందుకో నేను కూడా కొట్టాను. ఆ నిమిషంలో పదకొండు అంతస్తుల ఆ ఓడలో ప్రయాణికుడన్నవాడు ఒక్కడూ లేడు.

కాసేపటికి మమ్మల్ని ముందుగా ఎక్కించారు.

ఖాళీ ఓడని నేను ఊహించుకోలేదు. పాటలు ఆపేశారు. పాటలు వస్తుండేవని అవి ఆగాకే తెలిసింది. పియానో మీద గుడ్డ కప్పి ఉంది. ఈతకొలను మీద వల. లిఫ్టులో నేల మీది చాప మీద రోజు పేరు రాసి ఉంటుంది, రాత్రికి రాత్రి మార్చేస్తారు. ఈ రోజు ఆదివారం అని ఉంది, దాని మీద ఇంకా ఒక్క చెప్పు ముద్ర కూడా లేదు. కారిడార్లలో దుప్పట్లు గుట్టలు గుట్టలు. మెట్ల కటకటాలన్నిటికీ మందు పట్టించి తుడుస్తున్నారు. అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వస్తారు, నూటికి 86 మార్కులు రాకపోతే తప్పినట్టే. వాళ్లు వచ్చేది ఎక్కువగా ఇలాంటి రోజునే. పనివాళ్లు మమ్మల్ని చూసి ముందు ఉలిక్కిపడి, తర్వాత నవ్వారు. వేరేవాళ్ల ఇంట్లో పెందలాడే లేచి వంటింట్లోకి వెళ్లిన చుట్టాల్లా ఉంది మా పరిస్థితి.

ఊళ్లోకి వెళ్దామని నా ప్లాను. బీచ్ దూరం కాదు, మూడింటిలోపు తిరిగొస్తే చాలు. "నువ్వు వెళ్లిరా" అన్నారు మావారు. ఆయన్ని ఒక్కర్నీ వదిలితే మళ్లీ ఎక్కడ తప్పిపోతారోనని నేను కూడా ఉండిపోయాను. కొంచెం కోపంగానే.

మూడో డెక్ వరండా రేవుకి సరిగ్గా పైన ఉంటుంది. కటకటాలకి ఆనుకుని నిలబడ్డాం. మొదట నాకు గందరగోళం తప్ప ఏమీ కనిపించలేదు. లారీలు, హారన్లు, ఫోర్క్‌లిఫ్టులు ఒకదానికొకటి అడ్డం. ఆయన ఒక్కొక్కటే విడదీసి చెప్పడం మొదలుపెట్టారు. ఓడ పక్క గోడకి తలుపులున్నాయి చూడు. వెనక తలుపులోంచి బయటికి మాత్రమే పోతోంది, చెత్త. అట్టపెట్టెలు నొక్కి కట్టలు కట్టారు, సీసాలు పొడి చేశారు. తిండి మిగులు అందులో ఉండదు, ఒడ్డుకి 12 మైళ్లకి అవతల, 25 మిల్లీమీటర్ల జల్లెడ దాటేంత మెత్తగా చేసి సముద్రంలో వదులుతారు. ముందు తలుపులోంచి లోపలికి మాత్రమే, సరుకు. రెండూ కలవకూడదు. అవతలి వైపు ఒక బార్జి, బల్లపరుపు పడవ, కట్టి ఉంది, అది ఇంధనం. మధ్య తలుపు దగ్గర బోనుల్లాంటి బళ్లలో కొత్తవాళ్ల పెట్టెలు.

"ఇదంతా మీకెలా తెలుసు?"

"తెలియడమేముంది, ఎవరైనా ఇలాగే పెడతారు."

సరుకు పేర్చిన చెక్క పలకలు, ప్యాలెట్లు, వరసలో నిలబెట్టారు. ఒక్కోదానికి కాగితం అంటించి ఉంది. తలుపు దగ్గర తెల్ల టోపీ మనిషి ఒకడు ప్రతి ప్యాలెట్ దగ్గరా ఆగి, పెట్టెలో ఏదో గుచ్చి చూసి, టిక్కు పెట్టి లోపలికి పంపుతున్నాడు. గుచ్చేది థర్మామీటర్. చల్లగా రావలసింది చల్లగా వచ్చిందా అని. పొద్దున పాలకూర ప్యాలెట్ ఒకటి తిప్పి పంపింది అతనే. మావారికి ఈ ఒక్క సంగతి ఇచ్చిన ఆనందం సాన్ హువాన్ కోట ఇవ్వలేదు. "లారీ వాడు బతిమాలాడు. వీడు వినలేదు. వినకూడదు. ఏడు రోజులు వీడికి దుకాణం లేదు. ఫ్యాక్టరీలో తక్కువ పడితే నేను పక్క కంపెనీ నుంచి అప్పు తెచ్చేవాణ్ని. సముద్రం మధ్యలో ఎవరిస్తారు?"

ఐస్‌క్రీము, చేపలు ఆగకుండా వెళ్లిపోతున్నాయి. పిండి బస్తాలు ఎండలో ఆగి ఉన్నాయి. పాత సరుకు ముందుకి జరిపి కొత్తది వెనక పెడుతున్నారో లేదో ఇక్కణ్నుంచి కనిపించదని ఆయన బాధ. నోటుపుస్తకంలో గీతలు గీస్తున్నారు, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఆ గీతలు నాకు తెలుసు. ఆయన పాత చొక్కా జేబుల్లో ఉతికే ముందు తీసి పారేసిన కాగితాల మీద ఉండేవి. లెక్కల రోజుల్లో రాత్రి పదకొండింటికి ఇంటికొస్తే, తలుపు తీసి మాట్లాడకుండా పడుకునేదాన్ని. అంతసేపు గోడౌన్‌లో ఏం లెక్కపెడతారు, మేకులా? అని ఒకసారి అడిగాను కూడా. "మేకులు కూడా" అన్నారు అప్పుడు.

ఆకలేస్తోందని గుర్తొచ్చి చూస్తే రెండయింది. ఇద్దరం రెండు గంటలకి పైగా నిలబడ్డాం. నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఈలోగా అలారం మోగింది, ఏడు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత. పనివాళ్ల డ్రిల్. దుప్పట్లు మడిచే చేతులే లైఫ్ జాకెట్లు వేసుకుని బోట్ల దగ్గరికి వచ్చాయి. ఒక బోటుని నీళ్ల దాకా దింపి మళ్లీ ఎత్తారు. అరగంటలో అందరూ మళ్లీ ఎవరి తుడుపు పని వాళ్లది.

కొత్తవాళ్లు పన్నెండు నుంచే ఎక్కుతున్నారు. పాలిపోయిన మొహాలు, చంకలో మందపాటి కోట్లు, ఎటు వెళ్లాలో తెలియని చూపులు. మేం కూడా ఇలాగే ఉండి ఉంటాం, వారం కిందట. నాకు పెద్దరికం వచ్చేసింది. భోజనాల హాలు ఎటు అని ఒక జంట అడిగితే, ఈ ఓడ నేనే కట్టించినట్టు చెయ్యి చూపించి పంపాను. పది నిమిషాల తర్వాత వాళ్లు ఇటునుంచి అటు తిరిగి వెళ్తూ కనిపించారు. నేను చూపించింది ముందు వైపు, హాలుండేది వెనక వైపు. స్తంభం చాటుకి జరిగాను.

మూడున్నరకి మస్టర్ డ్రిల్, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో ప్రయాణికులకి నేర్పేది. పోయిన వారం చేశాం కదా అంటే కుదరదు. లెక్క సున్నాకి వచ్చింది కాబట్టి మేం కూడా కొత్తవాళ్లమే. ఇది వట్టి తంతు కాదు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికి డ్రిల్ జరగలేదు. ఇప్పుడు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే చెయ్యాలని 2015 నుంచి అంతర్జాతీయ నిబంధన. నేను సణగలేదు. మా వెనకాయన సణిగాడు.

ఐదింటికి తాళ్లు విప్పారు. మావారు వెళ్లి చూసొచ్చారు, పన్నెండూ లోపలికి వచ్చాయట. రేవు నుంచి సముద్రానికి దారి పొట్టిది, తిన్ననిది. ఎడమ పక్క నీళ్ల అంచునే ఎత్తైన అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాటి బాల్కనీల్లో ముసలివాళ్లు నిలబడి గంటలు వాయిస్తూ, జెండాలు ఊపుతూ ఓడల్ని సాగనంపుతారు. చలికాలం ప్రతి వారం, ఎన్ని ఓడలుంటే అన్నిసార్లు. పోయిన ఆదివారం నేను ఆ గంటలు విని కళ్లు తుడుచుకున్నాను. ఈసారి కూడా అదే బాల్కనీలో అదే ఎర్ర టోపీ ఆయన. ఆయన్ని నేను గుర్తుపట్టానని ఆయనకి తెలియదు. గట్టిగా చెయ్యి ఊపాను. మా ఓడ హారన్ మూడుసార్లు మోగింది. సముద్రంలోకి రాగానే, రేవులో ఓడకి దారి చూపే పైలట్ తాడు నిచ్చెన మీంచి చిన్న పడవలోకి దిగిపోయాడు. ఆయన పని అయిపోయింది.

రాత్రి గదిలోకి వస్తే, రావద్దన్నా వచ్చాడు స్టీవార్డ్. మంచం మీద తువ్వాలు ఏనుగు. దాని కళ్లకి నా చలువ కళ్లద్దాలు పెట్టి ఉన్నాయి.

సోమవారం, తొమ్మిదో రోజు

మళ్లీ సముద్రం. రేపు మెక్సికోలోని కోజుమెల్ దీవి. ఓడ ఫ్లోరిడా కీస్ దీవుల పక్కగానే వెళ్తోంది, పొద్దున నీళ్ల మీద సన్నటి గీతలా కనిపించాయి. గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం మాకు ఎదురొస్తుంది కాబట్టి దాని మధ్యలోకి పోకుండా ఒడ్డు పక్కన జరిగి పోవడం ఇంధనానికి మంచిదట. గడియారం మార్చే పని లేదు, కోజుమెల్ టైము చలికాలంలో ఫ్లోరిడా టైమే.

మా బల్ల మీద కొత్త నలుగురు. "మీరు మొదటిసారా?" అని అడిగారు. ఎలా చెప్పాలో తెలియక కాదన్నాను. పేర్లు, ఊళ్లు, మోకాళ్లు, మనవలు. మళ్లీ మొదటినుంచి.

టిఫిన్‌కి మావారు నాకంటే ముందు ప్లేటు పట్టుకుని వెళ్లారు. వారమంతా టోస్టు తప్ప ముట్టని మనిషి, అనాసపండు ముక్కలు నిండా తెచ్చుకున్నారు. ఒక ముక్క ఫోర్కుకి గుచ్చి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు.

"మూడో లారీ," అన్నారు. "ఎండలో నలభై నిమిషాలు ఉంది. ఫర్వాలేదు, బాగానే ఉంది."

నోట్లో పెట్టుకుని, నోటుపుస్తకం తీశారు.